చేపల బకెట్టు పిట్ట

పెద్ద వరద వచ్చి జూ వెనక గోడ కూలిపోయిన మరుసటి ఏడు జరిగింది ఇది. ఆ వరదకి ఏనుగు పొట్ట దాకా నీళ్ళు వచ్చాయి. నీళ్ళు పోయాక బురద ఎత్తిపొయ్యడానికే ఒక కాలం పట్టింది. ఆ హడావుడిలోనే సముద్రం ఒడ్డున ఉన్న ఇంకో జూలో కొలను పగిలిపోయిందని, అక్కడి జంతువుల్ని తలా ఒకచోటికి పంచారు. ఈ జూ వంతుకి ఒక చెక్కపెట్టె వచ్చింది. పెట్టె తెరిస్తే లోపల ఒక పెంగ్విను.

మనిషి మోకాలికి కాస్త పైకి వస్తుంది. నల్ల కోటు, తెల్ల చొక్కా, గుండె మీద అడ్డంగా ఒక నల్ల పట్టీ. మంచు అక్కర్లేని రకం అది. వెచ్చటి ఒడ్డున రాళ్ళ సందుల్లో బతికే రకం. బయటికి వచ్చి చుట్టూ మూగినవాళ్ళని మెడ పక్కకి తిప్పి ఒక్కొక్కరినే చూసింది. అందరూ తప్పు చేసి నిలబడ్డవాళ్ళే అన్నట్టు తలాడించింది.

"దయచేశారండీ ప్లీడరు గారు" అన్నాడు మేనేజరు. అదే పేరై కూచుంది.

అది ఎవరి కిందికి వస్తుందని ఎవరూ అడగలేదు. అడగక్కర్లేదు. ఆ జూలో మొదట్నించీ ఒకటే పద్ధతి. మేత గదిలో పొద్దున్నే బకెట్లు నింపి పెడతారు. గడ్డిది ఒకటి, గింజలది ఒకటి, మాంసానిది ఒకటి, చేపలది ఒకటి. ఏ బకెట్టులో తిండి తింటే, ఆ బకెట్టు మోసే మనిషిదే ఆ జీవం. పులీ, గద్దా, కొండచిలువా ఒకడి కింద ఉండేవి, మూడూ మాంసమే తింటాయి కదా అని. చిలకలు, పావురాలు, నెమళ్ళు, బాతులు ఉన్న షెడ్డులోనే ఉడతలూ ఉండేవి, గింజలు తింటాయని. వింటే నవ్వొస్తుంది గానీ, పని జరగడానికి అంతకంటే తేలిక పద్ధతి లేదు. ఎవరి బరువు వాళ్ళు మోసుకుని, ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు.

చేపల బకెట్టు ఉప్పాయనది. కొలనులో నీళ్ళు సముద్రం నీళ్ళలా ఉండాలని బస్తాలకి బస్తాలు ఉప్పు కలిపేవాడు గనక ఆ పేరు. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. మాట తక్కువ మనిషి. అడిగితే ఒక ముక్క, అడక్కపోతే అదీ లేదు. నీటికుక్కలు, మొసలి, కొంగలు, గూడబాతులు, చేప తినేదల్లా ఆయన లెక్కే. ప్లీడరు గారు పెట్టె దిగి మొట్టమొదట చేసిన పని ఆయన చేతిలో చేప లాక్కుని మింగడం. రెండో పని కొలనులోకి దూకి ఈ కొస నించి ఆ కొసకి బాణంలా పోవడం. ఇంక వాదనేముంది?

ఆ కొలను అప్పటికి ఖాళీ. వరదకి ముందు దాన్లో ఒక ముసలి సీలు ఉండేది. దానికి చర్మం జబ్బు చేసింది. బొచ్చు రాలింది, ఒంటినిండా పుళ్ళు లేచాయి, నీళ్ళలోకి దిగడం మానేసింది. గట్టు మీద ఎండి ఎండి చచ్చిపోయింది. బలవంతాన నీళ్ళలోకి నెట్టి ఉంటే బతికేదని ఉప్పాయన నమ్మకం. ఆ మాట ఎవరితోనూ అనలేదు. కానీ అది మేకులా లోపల దిగబడిపోయింది.

ప్లీడరు గారు వచ్చాక కొలను గట్టుకి కళ వచ్చింది. ఉప్పాయన చేపలు కోస్తుంటే వచ్చి ఆయన పాదం మీద ఎక్కి నిలబడేది. ఆయన నడిస్తే వెనకాలే నడిచేది, చేతులు వెనక్కి పెట్టుకున్న పెద్దమనిషిలా. భార్య పోయిన దగ్గర్నించీ ఉప్పాయన కోసం ఎదురుచూసే ప్రాణి ఇంకొకటి లేదు. పొద్దున్నే గేటు చప్పుడు కాగానే ప్లీడరు గారు గాడిద ఓండ్ర పెట్టినట్టు అరిచేది. ఆ అరుపు వింటే మిగతావాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు. ఉప్పాయన మాత్రం నడక పెంచేవాడు.

ఎండలు తగ్గే ముందు ప్లీడరు గారికి ఆకలి పెరిగింది. పెట్టినదల్లా తినేసి ఖాళీ బకెట్టులో తల పెట్టి చూసేది. ఒళ్ళు చేసి, గుండ్రంగా తయారై, నడిస్తే పొట్ట ముందు, మనిషి వెనక అన్నట్టు ఉండేది. ఉప్పాయనకి మురిపెం. తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి తిండి మానేసింది. చేప ముక్కు దగ్గర పెడితే మొహం తిప్పేసుకుంది. నీళ్ళ వైపు చూడలేదు. గోడ మూలకి పోయి తల దించుకుని నిలబడింది. కోటు రంగు మాసిపోయి గోధుమరంగుకి తిరిగింది. ఆ తర్వాత కుచ్చులు కుచ్చులుగా ఊడడం మొదలుపెట్టింది.

ఉప్పాయనకి కళ్ళ ముందు సీలు కనపడింది.

ఈసారి మాత్రం ఎండిపోనివ్వకూడదనుకున్నాడు. అనుకుంటే ఆయన్ని ఆపడం ఎవరి తరం కాదు. ప్లీడరు గారిని రెండు చేతులా ఎత్తి కొలనులో దించాడు. అది తన్నుకుంటూ పైకి వచ్చేసింది. మళ్ళీ దించాడు. మళ్ళీ వచ్చేసింది. ఎప్పుడూ ఒంటి మీద నిలవని నీళ్ళు ఇప్పుడు దూదికి పట్టినట్టు పట్టేశాయి. గజగజ వణికింది. ఉప్పాయన దాన్ని తువ్వాలుతో తుడిచి, అరగంట ఆగి, మళ్ళీ ఎత్తాడు.

"ఏం పని అది? చంపుతావా దాన్ని?"

కంచె అవతల వదిన. ఉప్పాయన అన్నగారి భార్య. అన్న పోయాక గింజల బకెట్టు ఆమె చేతికి వచ్చింది. నోరున్న మనిషి. చిలకలకి మాటలు నేర్పింది ఆమే అని కొందరూ, ఆమెకి నేర్పింది చిలకలే అని కొందరూ అనేవాళ్ళు.

"జబ్బు చేసింది" అన్నాడు ఉప్పాయన.

"జబ్బు కాదు, నీ మొహం కాదు. ఈకలు మార్చుకుంటోంది. నా బాతులు ఏడాదికోసారి ఇదే పని చేస్తాయి. రెక్కల్లో ఈకలన్నీ ఒక్కసారే రాల్చేసి, ఎగరలేక, ఎవరికీ కనపడకుండా దాక్కుంటాయి. అప్పుడు వాటి జోలికి పోకూడదు. పొడిగా వదిలెయ్యాలి. దాన్ని కింద పెట్టు మరిదీ."

"బాతు పిట్ట."

"ఇది మాత్రం కాదా?"

"నీళ్ళ జీవం."

"అయ్యో రాత! నీళ్ళలో ఈదితే చేపైపోతుందా? మొప్పలున్నాయా దానికి?"

"సీలుకీ లేవు."

"సీలు పిల్లల్ని కని పాలు ఇస్తుంది. ఇది గుడ్డు పెట్టే జాతి."

"మొసలీ పెడుతుంది."

వదిన ఒక్క క్షణం ఆగింది. ఆగడం ఆమెకి అలవాటు లేదు.

"సరే, మొసలి పెడుతుంది. మొసలికి ఈకలున్నాయా?"

ఉప్పాయన ప్లీడరు గారి వీపు మళ్ళీ తువ్వాలుతో ఒత్తాడు.

"పిట్టయితే ఎగరాలి" అన్నాడు చివరికి.

"నా షెడ్డు పక్కనే నిప్పుకోడి ఉంది. పోయి అడుగు, ఎప్పుడైనా ఎగిరిందేమో."

"అది రెక్క కాదు. తెడ్డు." ప్లీడరు గారి చెయ్యి పట్టుకుని చూపించాడు. "గట్టిగా ఉంది చూడు."

"నీ బుర్ర ఉన్నంత గట్టిగా ఉందా?" వదిన కంచెని రెండు చేతులా పట్టుకుంది. "నా దగ్గర ఒక గది ఖాళీగా ఉంది. పొడి గది, గాలి తగలదు. పంపించు. అక్కడ మెల్లగా కోలుకుంటుంది."

అదీ సంగతి అనుకున్నాడు ఉప్పాయన. కొంగలూ గూడబాతులూ తనకి రావాలని వదిన ఎప్పట్నించో మేనేజరు చుట్టూ తిరుగుతోంది. ఇప్పుడు ప్లీడరు గారి మీద కన్ను పడింది.

"చేపలు తింటుంది. నాది" అన్నాడు.

"కొంగ కూడా చేపలు తింటుంది!"

"కొంగా నాదే."

వదిన నుదురు కొట్టుకుని వెళ్ళిపోయింది. వెళ్ళిన మనిషి ఊరికే ఉండదు. నేరుగా మేనేజరు దగ్గరికి పోయింది. మేనేజరు డాక్టరమ్మకి కబురు పెట్టాడు.

డాక్టరమ్మ ఊళ్ళో పశువుల ఆసుపత్రిలో పని చేస్తూ జూకి కూడా వచ్చేది. మధ్యాహ్నం దాటాక వచ్చింది. మూలన తడిసి వణుకుతున్న ప్లీడరు గారిని దూరం నించే చాలాసేపు చూసింది. చెయ్యి చాపితే అది ముక్కుతో టపామని కొట్టింది. డాక్టరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, నొప్పి తగ్గేదాకా విదిలించి, గట్టు మీద కూచుంది.

"చూడండి, ఇలాంటిదానికి వైద్యం చెయ్యడం నాకు ఇదే మొదటిసారి. దారిలో మా మాస్టారికి ఫోను చేసి అడిగి వచ్చాను. రెండిట్లో ఒకటి. ఈకలు మార్చుకోవడమైనా అయి ఉండాలి, చర్మం జబ్బైనా అయి ఉండాలి. జబ్బైతే రేపట్నించీ పొద్దునా సాయంత్రం మందు నీళ్ళలో ముంచాలి. ఈకల మార్పయితే నీళ్ళు తగలనే కూడదు. కొత్త కోటు పూర్తయ్యేదాకా దాని ఒంటికి నీళ్ళని ఆపే శక్తి ఉండదు. చలికే పోతుంది."

"ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాడు మేనేజరు.

"రాలే ఈకల కింద చూడాలి. బోసి చర్మం, పుళ్ళు ఉంటే జబ్బు. కొత్త ఈకలు పుట్టుకొస్తుంటే మార్పు. మనమంతా కలిసి గట్టిగా పట్టుకోవచ్చు. కానీ ఇప్పటికే నీరసంగా ఉంది. పెనుగులాడితే గుండె ఆగినా ఆగుతుంది." ఆమె ఉప్పాయన వైపు తిరిగింది. "మీ చేతిలో అయితే కదలదంటున్నారు. మీరే చూసి చెప్పండి. మీ మాట మీదే వైద్యం చేస్తాను."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఇంకో మాట కూడా అనేసుకుందాం. జబ్బైతే ఇక్కడే, ఉప్పాయన దగ్గరే వైద్యం. పిట్టల పద్ధతే అయితే పిట్టల షెడ్డుకి పోతుంది. పోయాక అక్కడే ఉంటుంది. బంతిలాగ ఇటోసారి అటోసారి విసరను."

ఉప్పాయన తలూపాడు. లోపలికి వెళ్ళి కంచె తలుపు వేసుకున్నాడు. మిగతా ముగ్గురూ బయటే నిలబడ్డారు.

ప్లీడరు గారు ఆయన్ని చూసి తల ఎత్తింది. అరవలేదు. పొద్దున్నించీ నీళ్ళలోకి తోసిన మనిషి దగ్గరికే మెల్లగా నడిచి వచ్చి, పాదం మీద ఎక్కి నిలబడింది. చల్లగా, తడిగా ఉంది. ఉప్పాయన అలాగే కిందికి కూచుని దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు.

వీపు మీద ఒక కుచ్చు పట్టుకుంటే చేతికి ఊడి వచ్చింది. కింద ఏముందో చూసే ముందు ఒక్క క్షణం ఆయనకి పుండు కనపడితే బాగుండునని అనిపించింది. పుండైతే ఇక్కడే ఉంటుంది. మందు నీళ్ళు తనే కలుపుతాడు, తనే ముంచుతాడు. అలా అనిపించినందుకు ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత బొటనవేలితో జాగ్రత్తగా పాయ తీశాడు.

చర్మం కనపడలేదు. పుండు లేదు. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి దగ్గరగా అమరి, నీలం తిరిగిన నల్లటి చిన్న చిన్న ఈకలు. మెరుస్తున్నాయి. పాతవి వాటంతట అవి రాలడం లేదు. కింద నించి కొత్తవి తోస్తుంటే, వాటి కొసలకి వేళ్ళాడి, ఊడి పోతున్నాయి. ఇంకోచోట పాయ తీశాడు. అక్కడా అంతే. పొట్ట దగ్గర చూశాడు, మెడ దగ్గర చూశాడు. సీలు ఒంటి మీద వేలు పెడితే రసి అంటుకునేది. ఇప్పుడు ఆయన వేళ్ళకి అంటుకున్నది తడి మాత్రమే, ఆ తడి తను పట్టించిందే.

కంచె అవతల ముగ్గురూ మెడలు చాచి చూస్తున్నారు.

ఉప్పాయన తువ్వాలు తీసి ప్లీడరు గారి చుట్టూ చుట్టాడు. తల మాత్రం బయట పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

"పిట్టే" అన్నాడు.

ఆ ఒక్క మాటా అనడానికి ఆయన నోరు ఎంత కష్టపడిందో వదినకి తెలుసు. అందుకే 'చూశావా, నేను చెప్పలేదూ' అనలేదు. అనకుండా ఉండడానికి ఆమె నోరు కూడా అంతే కష్టపడింది.

డాక్టరమ్మ దగ్గరికి వచ్చి పాయ తీసిన చోట చూసింది. మొహం విచ్చుకుంది. "అంతే. మా మాస్టారూ అదే అన్నారు. జంతువుల్లో వెన్నెముక ఉన్నవాటిది ఒక పెద్ద వంశం. చేపలు ఒక ఇల్లు, కప్పలు ఒక ఇల్లు, పాములూ తాబేళ్ళూ ఒక పక్క, పిట్టలు ఒక ఇల్లు, పాలిచ్చేవి ఒక ఇల్లు. ఏది ఎక్కడ తిరుగుతుంది, ఏం తింటుంది అని కాదు చూసేది. ఎవరికి పుట్టింది, ఒళ్ళు ఎలా కట్టింది అని చూస్తారు. సీలు పాలిచ్చే ఇంటిది. ఇది పిట్టల ఇంటిది. ఈ పెంగ్విన్లన్నీ కలిసి ఆ ఇంట్లో వేరే వాటా."

"అంటే ఇంటిపేరు పిట్ట" అంది వదిన.

"ఇంటిపేరు పిట్ట. దగ్గరి చుట్టాలెవరో తెలుసా? సముద్రం మీద రోజుల తరబడి కింద వాలకుండా ఎగురుతాయి చూడండి, ఆ పెద్ద రెక్కల పక్షులు. దీని పెద్దలూ ఒకప్పుడు ఎగిరినవాళ్ళే. నీళ్ళలో బతుకు బాగుందని ఆ రెక్కనే తెడ్డు చేసుకున్నారు."

"తెడ్డేనన్నాను" అన్నాడు ఉప్పాయన.

"తెడ్డేనండి. రెక్కే తెడ్డయింది. మొసలి మాట కూడా మీరు అన్నారట. అదీ మరీ తప్పేం కాదు. ఇప్పుడు బతికున్నవాటిలో పిట్టలకి దగ్గరి చుట్టం మొసలే."

వదిన ఒక అడుగు వెనక్కి వేసింది. "అయితే మొసలి కూడా నా కిందికేనా? నాకొద్దు తల్లీ! ఉడతలతోనే వేగలేకపోతున్నా."

మేనేజరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఉప్పాయన నవ్వలేదు. "గది ఏది?" అని అడిగాడు.

పట్టుకెళ్ళడానికి బండి తెస్తామన్నారు. వద్దన్నాడు. వదిన ఎత్తుకుంటానని చేతులు చాపింది. ఇవ్వలేదు. తనే మోశాడు. కొలను గట్టు నించి పిట్టల షెడ్డుకి జూ మధ్యలోంచి దారి. ఆ దారి పొడుగునా పనివాళ్ళు చూస్తూనే ఉన్నారు. చేపల బకెట్టు మనిషి తన జీవాన్ని తనే గింజల షెడ్డుకి మోసుకుపోవడం ఆ జూలో ఎవరూ ఎరగరు.

"ఏం ఉప్పాయనా, ప్లీడరు గారిని ఏ కోర్టుకి తీసుకుపోతున్నావు?" అని అరిచాడు పులి దగ్గర మనిషి.

"పై కోర్టుకి" అన్నాడు ఉప్పాయన, ఆగకుండా.

వదిన గది నిజంగానే పొడిగా ఉంది. కింద ఎండుగడ్డి పరిచింది. ఒక మూలన చిన్న మట్టిచిప్పలో గింజలు పెట్టింది. ఉప్పాయన ఆ చిప్ప తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఏం? పిట్టే కదా" అంది వదిన.

"చేపలు తినే పిట్ట."

"సరేలే, చేపలే పెడతా. ఎన్ని పెట్టాలో చెప్పి పో."

"ఇప్పుడేం తినదు. తిన్నదంతా ఒంట్లో దాచుకుంది" అన్నాడు. ఒళ్ళు చేస్తోందని తను మురిసిపోయాడు గానీ, అది అంత తిన్నది ఎందుకో ఇప్పుడు ఆయనకి అర్థమయింది. "కోటు పూర్తయ్యాక తింటుంది. తలకాయ వైపు నించి అందించు. తోక వైపు నించి ఇస్తే గొంతులో అడ్డం పడుతుంది."

అంత పొడుగు మాట ఆయన నోట్లోంచి రావడం వదిన పెళ్ళయి వచ్చిన దగ్గర్నించీ వినలేదు. "అలాగే మరిదీ" అంది, మెల్లగా.

ప్లీడరు గారు గడ్డిలో నిలబడి కొత్త గోడల్ని ఒక్కొక్కదాన్నే తల తిప్పి చూసింది. ఉప్పాయన తలుపు వేసి కొక్కెం పెట్టాడు. లోపల నించి ఒకే ఒక్క అరుపు వినపడింది. ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగితే తలుపు తీస్తాడని ఆయనకి తెలుసు.

మర్నాడు పొద్దున వదిన గింజల బకెట్టు పట్టుకుని వచ్చేసరికి షెడ్డు పక్కన మట్టి కుప్ప కనపడింది. ఉప్పాయన చొక్కా విప్పి కంచెకి తగిలించి, గడ్డపారతో నేల తవ్వుతున్నాడు. అప్పటికే మోకాళ్ళ లోతు దిగాడు. లోపల ప్లీడరు గారు తలుపు సందులోంచి ముక్కు బయట పెట్టి చూస్తోంది.

"ఇదేం పని?" అంది వదిన. "పిట్టల షెడ్డు పక్కన గొయ్యి ఎందుకు?"

"కొలను."

"పిట్టేనని నిన్న నువ్వే అన్నావు కదయ్యా!"

"పిట్టే. ఈత పిట్ట. కోటు పూర్తయ్యాక నీళ్ళు కావాలి."

"నీళ్ళెవరు పోస్తారు? ఉప్పెవరు కలుపుతారు? నా వల్ల కాదు, ముందే చెబుతున్నా."

"నేను."

"ఇటు వైపు నీ పని కాదుగా?"

"కొలను నాది. పిట్ట నీది."

వదిన బకెట్టు కింద పెట్టి నడుం మీద చేతులు వేసుకుంది. "మేనేజర్ని అడిగావా?"

"అడుగుతా."

"ఎప్పుడు?"

"తవ్వాక" అన్నాడు ఉప్పాయన. అరచేతుల్లో ఉమ్మి వేసుకుని గడ్డపార ఎత్తాడు.